ఏంజెల్స్ ట్రంపెట్: ఎర్రదా, తెల్లదా? విశాఖ పెరటికి ఏది మేలు?

ఏంజెల్స్ ట్రంపెట్ ఫొటో చూశాక ఆ మొక్క మీద మనసు పోనివాళ్ళు తక్కువ. అసలు పేరు బ్రగ్‌మాన్సియా. మన ఉమ్మెత్తకి దగ్గరి చుట్టం, వంకాయ, టమాటాల కుటుంబమే. రంగు చూసి కొనే ముందు అది ఏ ఊరి మొక్కో చూసుకోవాలి.

ఎర్ర రకం, సాంగ్వినియా, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలది. 2,000 మీటర్లు దాటిన చల్లటి చోట్ల పెరిగింది. పువ్వు సన్నటి గొట్టంలా ఎరుపు, పసుపు కలిసి ఉంటుంది. వాసన ఉండదు, దాని తేనె కోసం వచ్చేది చాలా పొడుగు ముక్కున్న ఒక హమ్మింగ్‌బర్డ్ పిట్ట, దానికి వాసనతో పనిలేదు మరి. విశాఖ ఉక్కపోతలో దీనితో పూలు పూయించడం కష్టం. అరకు ఎత్తు కూడా సుమారు 900 మీటర్లే, కాబట్టి అక్కడైనా దీని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

తెల్లది, సువాయోలెన్స్, ఆగ్నేయ బ్రెజిల్‌లోని తడి అడవుల మొక్క. ఉక్క దానికి కొత్త కాదు. ఇంచుమించు అడుగు పొడవు పువ్వు తల కిందికి వేలాడుతుంది, అంచున ఐదు మొనలు పైకి మెలిక తిరిగి ఉంటాయి. పొద్దుగూకాక ఘుమఘుమలాడుతుంది. అయితే ఆకులు పెద్దవి, మెత్తనివి. బీచ్ రోడ్డు గాలికి చిరిగిపోతాయి. పెందుర్తి వైపు, మధ్యాహ్నం నీడపడే పెరట్లో నయం. ఎండాకాలం నీళ్ళు తెగ తాగుతుంది. (బ్రగ్‌మాన్సియాలో మొత్తం ఏడు జాతులుంటే, వాటిలో ఒక్కటీ ఇప్పుడు అడవిలో మిగల్లేదు, మనుషులు నాటినవే ఉన్నాయి. నాకు ఇది తలచుకుంటే బాధగా ఉంటుంది.)

విషంలో మాత్రం రెండింటికీ తేడా లేదు. ఆకు, పువ్వు, గింజ అన్నిట్లోనూ స్కోపోలమైన్, హయోసయమైన్, అట్రోపిన్ అనే విషాలు ఉంటాయి. తింటే నోరు ఎండిపోతుంది, గుండె దడదడలాడుతుంది, మనిషి ఏదేదో మాట్లాడతాడు, ప్రాణమే పోవచ్చు. కొమ్మలు కోసిన చేత్తో కన్ను నలిపినా కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది.

ఉమ్మెత్తలోనూ ఇదే విషం. కానీ దాని జోలికి పోవద్దని పెద్దవాళ్ళు చెబుతూనే ఉంటారు. వినాయక చవితి పత్రిలో పెట్టి పూజిస్తాం తప్ప నోట్లో పెట్టం. ముళ్ళకాయ చూస్తేనే పిల్లలు వెనక్కి తగ్గుతారు. బ్రగ్‌మాన్సియా కాయకి ముళ్ళుండవు, దాని గురించి చెప్పే పెద్దలూ లేరు. నా భయమంతా అక్కడే.

నన్నడిగితే పసిపిల్లలున్న ఇంట్లో రెండూ వద్దు, పారిజాతం పెట్టుకోండి, రాత్రి పరిమళం అదీ ఇస్తుంది. పెద్దవాళ్ళే ఉండే ఇంట్లో, నడిచే దారికి దూరంగా, తెల్లది నాటుకోవచ్చు. గ్లవ్స్ వేసుకునే కోయండి. కోసిన కొమ్మలు గోడ అవతల పడేయకండి, వీధిలో ఆవులు తింటాయి. ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఆగకుండా 108కి ఫోన్ చేసి, ఒక కొమ్మ కవర్లో వేసి డాక్టరుకి చూపించండి.