కంపైలర్‌ను నమ్మాలంటే: ఒకసారి రుజువా, ప్రతిసారీ తనిఖీయా?

కంపైలర్ల సిద్ధాంతం చదువుకునే విద్యార్థులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. మనం రాసిన ప్రోగ్రాంను (మూలాన్ని) యంత్రకోడ్‌గా మార్చే కంపైలర్‌నే సరైనదని ఒక్కసారి నిరూపించి ఊరుకోవడం మేలా, లేక అది పుట్టించిన యంత్రకోడ్‌ను ప్రతిసారీ మూలంతో సరిచూడటం మేలా?

మొదటి దారి పాతది. 1967లోనే జాన్ మెకార్తీ, జేమ్స్ పెయింటర్ చిన్న అంకగణిత సమాసాల కంపైలర్‌ను నిరూపించారు. ఆ దారిలో వచ్చిన గొప్ప ఫలం కాంప్‌సర్ట్ అనే సి కంపైలర్. ఫ్రాన్స్‌లో గ్జావియె లెరోయ్ బృందం సి భాషలో దాదాపు అంతటినీ పట్టించుకుని, రుజువులను కంప్యూటర్‌తో సరిచూసే కాక్ (ఇప్పటి పేరు రాక్) సాధనంతో రుజువు కట్టింది. మూలంలో నిర్వచనం లేని ప్రవర్తన (ఫలితం ఏమిటో సి భాష నియమాలు చెప్పని పని) లేకుంటే, యంత్రకోడ్ చేసే ప్రతి పనీ మూలం ఒప్పుకున్నదే అవుతుంది. ఏ ప్రోగ్రాంకైనా ఆ హామీ చెల్లుతుంది. అయితే ఆప్టిమైజేషన్ (కోడ్‌ను మెరుగుపరిచే) పద్ధతి మార్చిన ప్రతిసారీ రుజువునూ తిరగరాయాలి.

రెండో దారిని 1998లో అమీర్ ప్నూలీ, సీగెల్, సింగర్‌మన్ ప్రతిపాదించారు. ఇక్కడ కంపైలర్ లోపల ఏం జరిగిందో అనవసరం, ఫలితం సరిపోతే చాలు.

నా దృష్టిలో తేల్చే విషయం ఒక్కటే: సమాధానం వెతకడం కష్టమా, సరిచూడటం కష్టమా? గళ్లనుడికట్టు నింపడానికి పూట పడుతుంది, నింపినదాన్ని సరిచూడటానికి నిమిషాలు చాలు. రిజిస్టర్ల (ప్రాసెసర్‌లో విలువలు దాచే కొద్దిపాటి వేగవంతమైన చోట్ల) కేటాయింపూ అంతే. వందల చలరాశులను పదహారు రిజిస్టర్లలో సర్దడానికి ఎన్నో ఉపాయాలు పన్నాలి. సరిచూసేవాడికి ముఖ్యంగా కావలసింది, ఇంకా అవసరమున్న రెండు వేరు విలువలు ఒకే రిజిస్టర్‌లో పడ్డాయా అన్నదే. అందుకే కాంప్‌సర్ట్ కూడా ఇక్కడ కేటాయింపును నిరూపించదు, దాని ఫలితాన్ని సరిచూసే ప్రోగ్రాంను, అంటే తనిఖీదారును నిరూపిస్తుంది! తనిఖీ కుదరకపోతే కంపైలర్ ఆగిపోతుంది, తప్పు కోడ్ మాత్రం బయటికి రాదు. సరైన కోడ్‌నే కాదన్న సందర్భాలూ ఉంటాయి, ఆ నష్టాన్ని నేను సంతోషంగా భరిస్తాను.

ఎస్ఈఎల్4 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ (దాని మూల భాగం) విషయంలోనూ ఇదే తనిఖీ దారి పనికొచ్చింది. దాన్ని కంపైల్ చేసిన జీసీసీ అనే పెద్ద కంపైలర్ అంతటినీ నిరూపించే ఆశ ఎవరికీ లేదు. అది ఇచ్చిన యంత్రకోడ్‌ను మాత్రం 2013లో మూలంతో సరిచూశారు.

లూపుల (పదే పదే నడిచే కోడ్ భాగాల) రూపాన్నే మార్చేసే మార్పుల్లో మాత్రం సరిచూడటమే కష్టం. అక్కడ మొదటి దారికే నా ఓటు.

యాదృచ్ఛిక పరీక్షల సంగతీ అడుగుతారు. యాదృచ్ఛికంగా సి ప్రోగ్రాంలు పుట్టించి కంపైలర్లను పరీక్షించే సీస్మిత్ 2011 నాటికి సి కంపైలర్లలో 325కి పైగా దోషాలు పట్టింది. తప్పక వాడండి, కానీ అది రుజువు కాదు.

ఇప్పుడే మొదలుపెట్టేవారు కేటాయింపును మీకు నచ్చిన భాషలో స్వేచ్ఛగా రాయండి. కాక్‌లో తనిఖీదారును మాత్రమే రాసి నిరూపించండి.