ఆప్ట్-సిగ్ వాడి చూశా, సిగ్విన్ వాళ్లు ఒక లుక్కేయండి

ఆఫీస్ లాప్‌టాప్ విండోస్, నాకేమో బ్యాష్ (లినక్స్‌లో కమాండ్లు కొట్టే షెల్) లేకపోతే చెయ్యాడదు, అందుకే విండోస్‌లోనే లినక్స్ తరహా కమాండ్లు నడిపించే సిగ్విన్. కానీ ప్రతి చిన్న ప్యాకేజీకీ ఆ సెటప్ విండో తెరిచి నెక్స్ట్ నెక్స్ట్ నొక్కాలంటే చిరాకు, అప్పుడు దొరికిందీ ఆప్ట్-సిగ్. ఉత్త బ్యాష్ స్క్రిప్టేనండీ, మిర్రర్ (ప్యాకేజీల నకళ్లు ఉంచే సర్వర్) నుంచి సెటప్ డాట్ ఐఎన్ఐ అనే ప్యాకేజీల జాబితా లాగి, అందులో చూసుకుని డిపెండెన్సీలతో (ఆ ప్యాకేజీ నడవడానికి కావాల్సిన మిగతా ప్యాకేజీలు) సహా దించేస్తుంది, 'ఆప్ట్-సిగ్ ఇన్‌స్టాల్ ట్రీ' అని కొట్టి టీ కప్పు ఎత్తేలోపే అయిపోయింది. ఫైళ్లు దించడానికి అది వాడే డబ్ల్యూగెట్ మాత్రం ముందే వేసుకోండి.

చిక్కల్లా సిగ్విన్ బేస్ ప్యాకేజీతోనే. సిగ్విన్ ప్రోగ్రాములన్నీ, ఆప్ట్-సిగ్ నడిచే బ్యాష్‌తో సహా, అందులోని డీఎల్ఎల్ ఫైల్ మీదే నడుస్తాయి; నడుస్తున్న డీఎల్ఎల్‌ని మార్చబోతే విండోస్ వదలదు, కూర్చున్న కొమ్మని నరుక్కోవడమే ఇక. దానికైతే టెర్మినళ్లన్నీ మూసేసి అసలు సెటప్పే నడపాలి, దాన్నీ మైనస్ క్యూ (ఏమీ అడక్కుండా నడిపే ఆప్షన్) పెట్టి బ్యాచ్ ఫైల్‌లో పడేశా, నెక్స్ట్ గొడవ వదిలింది. నాలుగు స్టార్లు.