ప్రచురణకర్త అండా, సొంత కార్ఖానానా? యోషిదా హిరోషి నడిచిన రెండు దారులు

ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు చెక్కదిమ్మల అచ్చులోకి (చెక్కపై బొమ్మ చెక్కి, రంగు పూసి కాగితంపై అద్దే కళలోకి) దిగితే ప్రచురణకర్తను ఆశ్రయించాలా, సొంత కార్ఖానా పెట్టుకోవాలా అనే ప్రశ్నకు జపాన్ కళాకారుడు యోషిదా హిరోషి (1876–1950) రెండు జవాబులనూ ఆచరించి చూశాడు.

ఖర్చు: 1920లో ప్రచురణకర్త వతనబె షోజబురోతో యోషిదా పనిచేసినప్పుడు చెక్కేవారి, అచ్చువేసేవారి కూలి ప్రచురణకర్తదే, 1925లో సొంతంగా మొదలుపెట్టాక ఆ భారం ఆయనదే.

నష్టభయం: 1923 టోక్యో భూకంపపు మంటల్లో వతనబె దుకాణంలోని దిమ్మలు కాలిపోయాయి. సొంత కార్ఖానాకైనా నిప్పు భయం తప్పదు లెండి.

శ్రమ, అధికారం: అసలు తేడా ఇక్కడే ఉంది. సొంత కార్ఖానాలో చెక్కడం నుంచి అచ్చు వరకూ ప్రతి దశనూ తానే పర్యవేక్షించినందువల్ల, 1926 నాటి తెరచాప పడవల వరుసలో అవే దిమ్మలకు రంగులు మార్చి, ఉదయాన్నీ పొగమంచునూ రాత్రినీ వేరువేరు చిత్రాలుగా తీయగలిగాడు.

కొనుగోలుదారులు ఇంకా ఏర్పడని చిత్రకారుడికి మొదటి దారే మేలు. యోషిదాలాగా అప్పటికే తన చిత్రాలకు అమెరికాలో గిరాకీ సంపాదించుకొన్నవాడికి రెండోది తగినది.