ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరాలా, ఎన్‌సీసీలోనా?

తిరుపతిలో డిగ్రీలో చేరిన పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఇది. సైన్యంలో ఆఫీసర్ అవ్వాలన్న పట్టుదల ఉంటే, కాలేజీలోనే సైనిక తరహా శిక్షణ ఇచ్చే నేషనల్ క్యాడెట్ కోర్, అంటే ఎన్‌సీసీకే వెళ్లండి. అందులో చివరి మెట్టయిన ‘సీ’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బీ’ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు తెచ్చుకుంటే ఎన్‌సీసీ వాళ్ల కోసమే ఉన్న స్పెషల్ ఎంట్రీలో రాతపరీక్ష ఉండదు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా సైనిక ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూనే. తెల్లవారుజామున పరేడ్, పదిమందిని ఒక్క మాటతో నడిపించే అలవాటు, ఇవన్నీ యూనిఫాంతో పాటే వస్తాయి.

ఊరి పనుల్లో ఎదగాలనుకునేవాళ్లకు మాత్రం నా ఓటు ఎన్‌ఎస్‌ఎస్‌కే. ఎన్‌ఎస్‌ఎస్ అంటే జాతీయ సేవా పథకం; గాంధీ శతజయంతి ఏడాది, 1969లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో వారం రోజుల క్యాంపు. అక్కడ ఆజ్ఞలు చెల్లవు. చంద్రగిరి పక్క పల్లెలో చెరువు కాలువ పూడిక తీయాలంటే ముందు రచ్చబండ దగ్గర కూర్చుని పెద్దవాళ్ల మాట వినాలి, పొదుపు సంఘం అక్కలను కలుపుకోవాలి, సర్పంచిని ఒప్పించాలి. అసలైన నాయకత్వ శిక్షణ అదేనని నా గట్టి నమ్మకం.

2021 నవంబరు వరదల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటప్పుడు జనాన్ని క్రమపద్ధతిలో తరలించే ఎన్‌సీసీ వాళ్లూ కావాలి, ఏ ఇంట్లో మంచం పట్టిన అవ్వ ఉందో తెలిసిన ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లూ కావాలి.

ఒక్కటి అడిగి చేరండి: మీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ నిజంగా పల్లెకు వెళ్తుందా, లేక ఆవరణ ఊడ్చి ఫొటోలు దిగుతుందా? రెండోదైతే ఎన్‌సీసీ మేలు.