శెనక్కాయ చేనుకు గ్యాస్ గన్: కొన్ని పంటలు వాడాక

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు ఎర్రనేలల్లో శెనక్కాయ వేసేవాళ్లకు అడవి పందుల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. విత్తనం పడగానే సాళ్ల వెంట పెకలించుకుంటూ పోతాయి. మళ్లీ కాయ ఊరే రోజుల్లో దిగుతాయి. మంద ఒక్క రాత్రి పడితే తిన్నదానికన్నా తొక్కి పాడుచేసిందే ఎక్కువ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే గతి అనుకునే జిల్లాలో, ఎండకు తట్టుకుని నిలబడిన చేను అట్లా పోతే కడుపు మండిపోతుంది. మోతతో పందులను బెదరగొట్టే గ్యాస్ గన్ నేను కొన్నది అందుకే.

పేరు గన్ అయినా దీనిలో గుండు ఉండదు, మందు కూరే పని లేదు. సిలిండర్ నుంచి గ్యాస్ కొద్దికొద్దిగా ఒక చిన్న గదిలో చేరుతుంది. సరిపడా ఒత్తిడి రాగానే వాల్వు తెరుచుకుని గొట్టంలోకి పోయి గాలితో కలుస్తుంది. స్పార్క్ పడగానే ఢామ్మని మోత. ఎంతసేపటికి ఒకసారి పేలాలో మనమే పెట్టుకోవచ్చు. దాదాపు 30 వేలు పెట్టాను. తక్కువ డబ్బేం కాదు.

ఆ ధర విని చాలామంది పీవీసీ పైపుతో కార్బైడ్ గన్ చేసుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కార్బైడ్‌కు నీళ్లు తగిలితే ఎసిటిలీన్ గ్యాస్ పుడుతుంది. అది ఎంత చేరిందో బయటికి తెలియదు. పేలలేదేమని పైపులోకి తొంగి చూసినప్పుడే పేలుతుంది. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఈ పైపుల వల్లే ఎందరో పిల్లల కళ్లు దెబ్బతిన్నాయి. ఇనుప గొట్టంలో తుపాకి మందు దట్టించడం ఇంకా ఘోరం. గొట్టం ఎక్కడ బలహీనంగా ఉందో అది చీలేదాకా ఎవరికీ కనపడదు. పైగా లైసెన్సు లేకుండా మందు తయారుచేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరం. పంది కోసం పెట్టిన నాటుబాంబు ఆవు నోట్లో పేలడం గురించి పల్లెల్లో అందరూ వినే ఉంటారు.

ఇక పనితీరు. మొదటి వారం అద్భుతం, ఒక్క పంది రాలేదు. ఆ తర్వాతే అసలు పరీక్ష. ఒకే చోట పెట్టి, ఒకే లెక్కన పేలనిస్తే పందులు ఆ లెక్క పట్టేస్తాయి. మోత వినగానే గెనెం (చేని గట్టు) దాటి పోతాయి, మళ్లీ పేలేదాకా టైముందని తిరిగొచ్చి తింటాయి. అందుకే రెండు మూడు రోజులకోసారి చోటు మారుస్తాను. ఒకసారి పది నిమిషాలు, ఇంకోసారి అరగంట, అట్లా పేలేలా పెడతాను. పందులు దిగే ముందే, పొద్దు మునగగానే ఆన్ చేస్తాను. ఒకసారి తిండి రుచి చూసిన మందను వెళ్లగొట్టడం చాలా కష్టం. పంట కాలమంతా ఆన్‌లో ఉంచితే దీని విలువ పోతుంది. విత్తనం వేసిన రోజుల్లో, మళ్లీ కాయ ఊరినప్పటి నుంచి పీకేదాకా వాడితే చాలు. నెమళ్లకు మాత్రం అంతగా పనిచేయలేదు.

మన జిల్లా ఆషాఢం గాలి సంగతి తెలిసిందే. గొట్టం మూతి గాలికి ఎదురుగా ఉంటే గ్యాస్ సరిగా కలవదు, స్పార్క్ పడినా పేలదు. గాలికి వీపు పెట్టాలి. ఎర్రదుమ్ము పట్టి గ్యాస్ వచ్చే సన్నరంధ్రం మూసుకుపోతుంది, స్పార్క్ మొనకు మసి పడుతుంది. ఈ రెండూ తరచూ శుభ్రం చేసుకుంటే మిషన్ పెద్దగా మొరాయించదు. రబ్బరు పైపును ఎలుకలు కొరుకుతాయి. ఉక్కు అల్లిక ఉన్న ఐఎస్ఐ పైపు వేయించాక ఆ టెన్షన్ పోయింది.

సిలిండర్ బిగించిన ప్రతిసారీ అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూస్తాను. ఎల్పీజీ గాలికన్నా బరువు, పల్లంలో పేరుకుంటుంది. కాబట్టి గుంతలో పెట్టకూడదు. మూతి దగ్గర మంట వస్తుంది కనుక ఎండు కట్టె, గడ్డివాము దరిదాపుల్లో పెట్టకూడదు. ఆపాలంటే ముందు సిలిండర్ కట్టేసి, లోపల మిగిలిన గ్యాస్ పేలిపోయేదాకా దూరంగా ఉండి, అప్పుడు వెనకవైపు నుంచి పోవాలి. కంపెనీ కాగితంలో 120 డెసిబెల్స్ అని ఉంది, దగ్గర పని ఉంటే చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి. ఇంట్లో వంట సిలిండర్ దీనికి వాడటం చట్టవిరుద్ధం. ఏజెన్సీలో దొరికే 5 కిలోల చిన్న సిలిండర్ తీసుకున్నాను. అది చాలాకాలం వస్తుంది.

శబ్దం గురించి ఊళ్లో ముందే మాట్లాడుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఇళ్ల దగ్గర పరిమితి 45 డెసిబెల్సే. నా చేను ఊరికి దూరం, మూతి గుట్ట వైపు తిప్పుతాను, పోలీస్ స్టేషన్‌లో కూడా చెప్పి ఉంచాను. ఇళ్ల పక్కనే చేను ఉన్నవాళ్లు కొనకండి, పసిపిల్లలు, ముసలివాళ్లు నిద్రపోలేరు.

ఒకటి రెండు ఎకరాలకు ఒక్కరే కొనడం దండగ. మా గెనెం చుట్టూ ఉన్న నలుగురం వంతులవారీగా వాడుకుంటున్నాం. చోటు కూడా దానంతటదే మారుతోంది. కొనేటప్పుడే స్పార్క్ మొన, వాల్వు రబ్బరు ఒక్కో సెట్టు అదనంగా తీసుకోండి. పందులు దిగే సీజన్లో అడిగితే ఆ సామాను అనంతపురంలో దొరకడం లేదు.