నాలుగేళ్లుగా నా షెడ్డు హ్యాండ్ ల్యాంపులో ఎల్‌ఈడీ బల్బు

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో నాది చిన్న కార్ల షెడ్డు. మా హ్యాండ్ ల్యాంపు నాన్నగారి కాలం నాటిది. నల్లటి రబ్బరు పిడి, ఇనప జాలీ, వెనక సగం వరకు రేకు, కొసన కొక్కెం. బాడీ ఇప్పటికీ గట్టిగా ఉంది, అందుకే పారేయబుద్ధి కాలేదు. హుద్‌హుద్ తుఫాను తర్వాత ఊళ్లో వీధి దీపాలే ఎల్‌ఈడీలైపోయాయి కానీ, ఈ ల్యాంపులో మాత్రం చాలాకాలం వంద వాట్ల బల్బే వెలిగింది. నాలుగేళ్ల కిందట మార్చాను. పాతది తీసి కొత్తది పెట్టడమే కదా అనుకున్నాను. సరైన బల్బు దొరికేసరికి మూడు కొన్నాను.

పాత బల్బు బాధ మెకానిక్కులకు కొత్తగా చెప్పక్కర్లేదు. వెలుగుతుండగా చెయ్యి జారిందంటే ఫిలమెంటు తెగినట్టే. వానాకాలంలో కారు కింద పడుకుని పని చేస్తుంటే ఛాసిస్ నుంచి ఒక్క నీటి చుక్క వేడి గాజు మీద పడేది. టప్‌మని పగిలి పెంకులు మొహం మీదకొచ్చేవి. నా కుడి ముంజేతి మీద రూపాయి బిళ్లంత కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. పెట్రోలు పైపు విప్పేటప్పుడు ఆ వేడి బల్బు పక్కనే ఉంటే గుండె దడదడలాడేది.

మొదట పెట్టింది ఇంట్లో వాడే మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ. బానెట్‌కి ల్యాంపు తగిలించి స్విచ్ వేస్తే, బానెట్ లోపలి రేకు తెల్లగా మెరిసింది, ఇంజను మాత్రం చీకట్లోనే ఉంది. ఎందుకా అని ల్యాంపు చేతిలోకి తీసుకుని చూశాను. ఆ బల్బులో కింద సగం తెల్లటి ప్లాస్టిక్ బాడీ, అందులో డ్రైవరు, అంటే మెయిన్స్ కరెంటుని ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే సర్క్యూటు ఉంటుంది. వెలుగంతా పై బుడగలోంచి ముందుకే పోతుంది. కొక్కేనికి వేలాడదీస్తే బల్బు కొస పైకి ఉంటుంది, మనకు కావలసిన వెలుగేమో పక్కకి. ఫిలమెంటు బల్బు అన్ని వైపులా వెలుగు చిమ్మేది, వెనక రేకు దాన్ని ఇంజను మీదకి తిప్పేది. ఎల్‌ఈడీలో వాట్లు, ల్యూమెన్లు (వెలుగు కొలత) చూసి కొన్నాను కానీ వెలుగు ఎటు పోతుందో చూడలేదు.

రెండోది కార్న్ బల్బు. మొక్కజొన్న కంకికి గింజల్లా చుట్టూ చిన్న చిన్న ఎల్‌ఈడీ చిప్పులుంటాయి. వెలుగు పక్కలకి బాగా వచ్చింది, రేకు మళ్లీ పనిలోకి దిగింది. కానీ పైన కవరు లేదు. అనుమానమొచ్చి ఒక చిప్పు అంచుకి టెస్టరు తాకిస్తే వెలిగింది! చౌక రకాల్లో డ్రైవరుకి ఐసొలేషన్, అంటే మెయిన్స్ నుంచి వేరుచేసే ఏర్పాటు, ఉండదు, చిప్పుల దగ్గరే మెయిన్స్ కరెంటు ఉంటుంది. జాలీలోంచి తడి వేలు లోపలికి పోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. దయచేసి కవరు లేని కార్న్ బల్బు హ్యాండ్ ల్యాంపులో పెట్టకండి.

ఆ బల్బుతోనే ఇంకో గండం కూడా తప్పింది. పాత డీజిల్ బండి ఒకటి వచ్చింది, బెల్టుతో తిరిగే ఆరు రెక్కల ఫ్యాను. ఇంజను ఆడుతోంది. మా కుర్రాడు "అన్నా, ఫ్యాను ఆగిపోనాదేటి?" అంటూ చెయ్యి చాచాడు. నేను పెద్దగా అరిచి వాడి భుజం పట్టి వెనక్కి లాగాను. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే నాసిరకం డ్రైవరున్న ఎల్‌ఈడీ సెకనుకి 100 సార్లు వెలిగి ఆరుతుంది. ఆరు రెక్కల ఫ్యాను నిమిషానికి 1000 చుట్లు తిరిగితే ఒకే చోటికి సెకనుకి 100 రెక్కలు వస్తాయి. రెండూ కలిస్తే తిరిగే ఫ్యాను నిలబడిపోయినట్టు కనిపిస్తుంది. ఫిలమెంటు అంత తొందరగా చల్లారదు కాబట్టి ఈ సమస్య ఇంతగా తెలిసేది కాదు. బల్బు కొనేటప్పుడు వెలిగించి సెల్‌ఫోన్ కెమెరాలో చూడండి. తెర మీద నల్లటి చారలు గట్టిగా పాకుతుంటే అక్కడే వదిలేయండి.

ఇప్పుడున్నది మూడోది. 12 వాట్లు, పాలరంగు కవరున్న కార్న్ బల్బు, 4000 కెల్విన్ (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు పసుపు నుంచి నీలం వైపు పోతుంది). అంతకు ముందుది 6500, నీలం కొట్టే తెలుపు. అందులో ఎరుపు వైరు, గోధుమరంగు వైరు తేడా తెలియక వైరింగ్ పనిలో తికమకపడేవాళ్లం. పసుపు వెలుగులోనేమో తెల్ల వైరు, పసుపు వైరు ఒకేలా ఉంటాయి. ఈ మధ్యరకం వెలుగులో ఆయిల్ తడి, తుప్పు, వైర్ల రంగులు అన్నీ సుబ్బరంగా కనిపిస్తున్నాయి. ఎన్నిసార్లు కింద పడిందో లెక్కలేదు, కవరు మీద ఒక గీత తప్ప ఏమీ కాలేదు. రోజుకి నాలుగు గంటలు వాడితే నెలకి పదిన్నర యూనిట్ల దాకా మిగులుతాయి. అది నాకు పెద్ద విషయం కాదు. చెయ్యి కాలకపోవడం పెద్ద విషయం.

ఒక్కసారి ఇబ్బంది పెట్టింది. ఏడాదిన్నర తర్వాత మినుకుమినుకుమంటూ ఆరిపోసాగింది. బల్బు పోయిందనుకున్నాను. హోల్డరు విప్పితే ఇత్తడి పిన్నులు పచ్చగా చిలుముపట్టి, స్ప్రింగులు చచ్చి ఉన్నాయి. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో ఇది మామూలే. కొత్త ఇత్తడి హోల్డరు వేయించాక అదే బల్బు ఈరోజుకీ వెలుగుతోంది. ఆ పనిలోనే రెండు కోర్ల వైరు తీసేసి మూడు కోర్లది లాగి, జాలీకి ఎర్తు ఇచ్చాను. బోర్డులో 30 మిల్లీఆంపుల కరెంటు లీకైనా సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ కూడా పెట్టించాను. బల్బు కన్నా ముందు చేయించాల్సింది ఇదే.

షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరైన మా మావయ్య షెడ్డుకొచ్చి ల్యాంపు చూసి, "బాగుంది గానీ, దీన్ని ట్యాంకులోకి దించకురా. ఓడ ట్యాంకుల్లోకి మేం 24 వోల్టులదే తీసుకెళ్లేవాళ్లం" అన్నారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ ఆ మాటే ఉండేది. ట్యాంకు, గొయ్యి, పైపు లాంటి ఇరుకు చోట్ల, సరైన రక్షణ ఏర్పాట్లు లేకపోతే 24 వోల్టులు దాటిన చేతి దీపం వాడకూడదని. కారు కింద పని చేయడానికి తవ్విన మా పిట్టు కూడా గొయ్యే కదా. అందుకని పిట్టులోకి ఛార్జింగ్ లైటు దించుతున్నాం. ఎల్‌ఈడీ చల్లగా ఉంటుంది కదా అని పెట్రోలు ట్యాంకు పనికి ఈ ల్యాంపు వాడకూడదు. బల్బు వేడి తగ్గింది కానీ స్విచ్‌లో, హోల్డరులో నిప్పురవ్వ ఇంకా పుట్టగలదు.

బల్బు మీద గాజు బుడ్డీ బిగించి ఉండే ల్యాంపు మీదైతే, అందులో ఎల్‌ఈడీ పెట్టకండి. గాలి ఆడకపోతే డ్రైవరు వేడెక్కి తొందరగా పోతుంది. నాలాగా రేకు, జాలీ ఉన్న ల్యాంపైతే మార్చుకోండి. బల్బు పెట్టే ముందు రేకుని ఒకసారి కిరోసిన్ గుడ్డతో తుడవండి. మా రేకు మీద ఏళ్ల మసి పోయాక వెలుగు మరింత పెరిగింది.