ఆటలకు ఆటో ఐఎస్‌ఓ: పొద్దు ఉన్నంతసేపు ఆన్, ఫ్లడ్‌లైట్లు పడ్డాక ఆఫ్

సాయంత్రం పూట ఆడే ఆటల ఫొటోలు తీసేటప్పుడు ఆటో ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె ఐఎస్‌ఓ, దాన్ని కెమెరాకే వదిలేయడం ఆటో) అంత సుఖం కెమెరాలో ఇంకొకటి లేదు. అదే ఆట చీకటి పడి ఫ్లడ్‌లైట్ల కిందకు వచ్చిందంటే మాత్రం నేను దాన్ని ఆపేస్తాను. ఏళ్ల తరబడి వాడి నేను తేల్చుకున్నది ఇదే. 'ఆటో పెట్టేవాడికి ఫొటోగ్రఫీ రాదు' అనే పెద్దలతోనూ, 'ఆటో పెట్టేసి నొక్కుకుంటూ పోవడమే' అనే కుర్రాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఎందుకో చెబుతాను.

నాకు కూడు పెట్టేవి పెళ్లిళ్లు. ముహూర్తాలు లేని రోజుల్లో కబడ్డీ, ఖోఖో, క్రికెట్ టోర్నమెంట్ల వెంట తిరుగుతుంటాను. సంక్రాంతి వచ్చిందంటే చెప్పనక్కర్లేదు, ఊరికో కబడ్డీ పోటీ ఉంటుంది. వాడే బాడీ, అంటే లెన్స్ కాకుండా కెమెరా, నికాన్ డీ500. 2016లో వచ్చింది, 20.9 మెగాపిక్సెళ్లు, సెకనుకు 10 ఫ్రేములు. ఎక్కువగా దానికి 70-200 ఎఫ్2.8 లెన్స్ తగిలించి ఉంటుంది, రాత్రి ఆటలకు 85 ఎఫ్1.8 తీస్తాను (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది). బాడీ పాతదైపోయింది కదా అంటారు. ఆటో ఐఎస్‌ఓ గురించి ఇక్కడ చెప్పబోయే వాటిలో చాలా భాగం కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీలకూ వర్తిస్తుంది.

ముందు నా సెట్టింగ్. ఎం మోడ్ (షట్టర్, అపర్చర్ రెండూ మనమే పెట్టేది), షట్టర్ సెకనులో 1/1000 వంతు, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే సందు) ఎఫ్2.8, ఐఎస్‌ఓ ఆటో. అంటే ఆటకు కావలసిన వేగం నేను చెబుతాను, వెనక మసక ఎంత ఉండాలో నేను చెబుతాను, వెలుతురు లెక్క ఒక్కటి కెమెరాకు వదిలేస్తాను. కబడ్డీకి 1/500 చాలదా అని అడుగుతుంటారు. కూతకు వెళ్లినవాడి మొహం 1/500లో స్పష్టంగానే వస్తుంది. కానీ ఆ ఫొటోకి ప్రాణం మొహం కాదు, చెయ్యి. డిఫెండర్ భుజాన్ని తాకబోతూ చాచిన వేళ్లు 1/500 దగ్గర పొగలా సాగిపోతాయి. 1/1000కి వెళితే వేళ్లు విడివిడిగా కనిపిస్తాయి, గోళ్లలో ఇరుక్కున్న మట్టితో సహా. ఖోఖోలో డైవ్ కొట్టేవాళ్లకు 1/1250, క్రికెట్‌లో బ్యాట్‌కి బంతి తగిలే క్షణం కావాలంటే 1/2000 పెడతాను.

చాలామంది 'ఏ' (A) మోడ్‌లో, అంటే అపర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా పెట్టే మోడ్‌లో ఉండి, మెనూలో కనీస షట్టర్ స్పీడ్ 1/1000 అని పెట్టుకుంటారు. చూడటానికి రెండూ ఒకటే అనిపిస్తుంది. వెలుతురు ఉన్నంతసేపు ఒకటే కూడా. తేడా తెలిసేది ఐఎస్‌ఓ మనం పెట్టిన గరిష్ఠ హద్దును తాకినప్పుడు. 'ఏ' మోడ్‌లో కెమెరా అప్పుడు షట్టర్‌ను కిందికి దించడం మొదలుపెడుతుంది. 1/1000 కాస్తా 1/640 అవుతుంది, తర్వాత 1/400. అదేం గోల చేయదు, వ్యూఫైండర్‌లో ఒక అంకె మారుతుందంతే. పట్టు పడుతున్నప్పుడు ఆ అంకె వైపు ఎవరు చూస్తారు? ఎం మోడ్‌లో అయితే షట్టర్ కదలదు, బొమ్మ చీకటిగా వస్తుంది. చీకటి బొమ్మను రా ఫైల్‌లో (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫైల్‌లో) లేపుకోవచ్చు. సాగిపోయిన చేతిని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి లాగలేదు. అందుకే ఆటలకు నా ఓటు ఎం మోడ్‌కే. ఇంకొకటి, ఆ కనీస షట్టర్ దగ్గర 'ఆటో' అనే ఎంపిక కూడా ఉంటుంది. అది చూసేది లెన్స్ పొడవును, అంటే మన చెయ్యి వణుకును. ఎదురుగా పరిగెత్తేవాడి వేగం దానికి తెలియదు. ఆటలకు దాని జోలికి పోకండి.

ఇక సుఖం ఎక్కడో చెబుతాను. మన ఊళ్లలో కోర్టులు హైస్కూల్ గ్రౌండ్‌లోనో, చెరువుగట్టు పక్కనో, నాలుగు వేపచెట్ల మధ్యో ఉంటాయి. జనవరిలో సాయంత్రం నాలుగున్నరకు ఎండ ఏటవాలుగా పడుతుంది. కోర్టు సగం ఎండలో, సగం స్కూలు బిల్డింగ్ నీడలో ఉంటుంది. రైడర్ మధ్య గీత దాటినప్పుడు ఎండలో ఉంటాడు, బోనస్ గీత దగ్గరకు వచ్చేసరికి నీడలోకి దూరతాడు, మళ్లీ తప్పించుకుని ఎండలోకి దూకుతాడు. ఒక కూతకు ఉండేది 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో మూడుసార్లు వెలుతురు మారితే చేత్తో డయల్ తిప్పుతూ కూర్చోవడం ఎవరి తరం కాదు. ఆటో ఐఎస్‌ఓ ఎండలో 200 దగ్గర, నీడలోకి రాగానే 1600 దగ్గర తనంతట తానే నిలబడుతుంది. ఆ తర్వాత అయిదున్నర దాటాక వెలుతురు జారిపోవడం మొదలవుతుంది, నిమిషం నిమిషానికీ తేడా ఉంటుంది. ఆ గంటలో నా దృష్టంతా ఆట మీదే ఉండటానికి కారణం ఈ ఒక్క సెట్టింగే.

మిట్టమధ్యాహ్నం క్రికెట్‌కు దీని అవసరం పెద్దగా లేదు. పైగా ఒక చిక్కుంది. నిండు ఎండలో ఎఫ్2.8, 1/1000 అని ఎంలో బిగించేస్తే, వెలుతురుకు సరిపోయే ఐఎస్‌ఓ 100 కంటే కిందకు పోవాలి. డీ500 ఆటో 100 దగ్గరే ఆగిపోతుంది, బొమ్మ తెల్లగా కాలిపోతుంది. అప్పుడు షట్టర్ 1/3200కి పెంచడమో, అపర్చర్ ఎఫ్4కి మూసి 1/2000 పెట్టడమో చేయాలి. ఆటో అన్నాం కదా, అన్నీ అదే చూసుకుంటుందిలే అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడ.

రాత్రి ఆట సంగతి వేరు. ఫ్లడ్‌లైట్లు వేశాక కోర్టు మీద వెలుతురు దాదాపు మారదు. మొదటి కూతకు ఎంత ఉందో ఆఖరి కూతకూ అంతే. మారేది వెనక ఉన్న సరుకు. మన టోర్నమెంట్లలో కోర్టు చుట్టూ ఏముంటాయో తెలుసు కదా, ఫ్లెక్సీలు. దాతల ఫొటోలు, నాయకుల ఫొటోలు, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద నిలువెత్తు నమస్కారాలు. రైడర్ ఎడమ వైపుకు వెళితే వాడి వెనక ఫ్లెక్సీ తళతళలాడుతుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ దాన్ని చూసి 'అబ్బో, బోలెడు వెలుతురు' అనుకుని ఐఎస్‌ఓను 2500కు దించుతుంది. ఆటగాడి మొహం నల్లబడుతుంది. అదే రైడర్ కుడి మూలకు దూకగానే వెనక చీకట్లో నిలబడ్డ జనం. ఐఎస్‌ఓ 8000కు ఎగబాకుతుంది, చెమట పట్టిన నుదురు తెల్లటి మచ్చగా మారిపోతుంది. మనిషి అదే, లైటు అదే, రెండు ఫొటోలు మాత్రం రెండు వేరు వేరు రాత్రుల్లో తీసినట్టుంటాయి. అందుకే నేను ఆట మొదలయ్యే ముందు, వార్మప్‌లో, కోర్టు మధ్యలో నిలబడ్డ ఒకరిద్దరి మొహాలు తీసి చూసుకుంటాను. 5000 సరిపోయిందంటే 5000 పెట్టేసి ఆటో ఆపేస్తాను. నాలుగు మూలల్లో ఒక మూల లైటు కాస్త తక్కువగా ఉంటే ఉండనీ, ఆ కాస్త తేడా తర్వాత సరిచేసుకోవచ్చు.

ఆపడం, పెట్టడం డీ500లో చాలా తేలిక. షట్టర్ బటన్ వెనకే ఉన్న ఐఎస్‌ఓ బటన్ నొక్కి పట్టుకుని ముందు డయల్ తిప్పితే ఆటో ఆన్, ఆఫ్ అవుతుంది. కంటి దగ్గర నుంచి కెమెరా దించనక్కర్లేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. నికాన్‌లో వెనక డయల్‌తో మనం పెట్టిన ఐఎస్‌ఓనే ఆటోకు కింది హద్దు. రాత్రి ఆటకు 5000 పెట్టి, మర్నాడు పొద్దున ఆటో ఆన్ చేస్తే అది 5000 కిందకు దిగదు. కాబట్టి ఆటో ఆన్ చేసే ముందు వెనక డయల్‌ను 100కి తిప్పడం అలవాటు చేసుకోవాలి.

హాల్లో ఆడే బ్యాడ్మింటన్, మ్యాట్ కబడ్డీల్లో ఇంకో గొడవ కలుస్తుంది. బర్స్ట్‌లో, అంటే వరసగా టకటకా తీసేటప్పుడు, ఒక ఫ్రేము బాగుంటుంది, తర్వాతది చీకటి, ఆ తర్వాతది పచ్చగా. వెంటనే ఆటో ఐఎస్‌ఓని తిట్టేస్తారు. చాలాసార్లు దాని తప్పు ఉండదు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి మెటల్ హాలైడ్, ట్యూబ్, కొన్ని రకాల ఎల్‌ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి కనిపించదు కానీ 1/1000 షట్టర్‌కు దొరికిపోతుంది. తేల్చుకోవడం సులభం. ఫొటో వివరాల్లో ఐఎస్‌ఓ అంకె చూడండి. అన్ని ఫ్రేముల్లో ఒకటే అంకె ఉండి వెలుతురు మారుతోందంటే తప్పు లైట్లది. అంకె మారుతోందంటే మీటర్‌ది. లైట్లదైతే ఫ్లికర్ రిడక్షన్ ఆన్ చేయాలి. అప్పుడు వెలుతురు ఎక్కువగా ఉన్న క్షణం చూసుకుని షట్టర్ పడుతుంది. బర్స్ట్ వేగం కొంచెం తగ్గవచ్చు, ఆ తగ్గుదల నాకు సమ్మతమే. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) కూడా ఆటోలో వదలకుండా ఒక దగ్గర బిగించాలి.

ఆటోనే వాడాలనుకుంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కకు మనం చేసే ప్లస్, మైనస్ సవరణ) మీద చెయ్యి ఉండాలి. డీ500లో ఎం మోడ్‌లో ఆటో ఐఎస్‌ఓ పెట్టినా అది పనిచేస్తుంది, ఐఎస్‌ఓనే పైకీ కిందకీ జరుపుతుంది. వెనక చీకటి ఎక్కువగా ఉన్న ఆటలకు నేను మైనస్ 0.7 పెడతాను. తెల్ల డ్రెస్సుల క్రికెట్‌లో జూమ్ బిగించి ఒక్కడినే ఫ్రేమ్ నిండా తీస్తే ప్లస్ 0.7 కావాలి, లేకపోతే తెలుపు మాసినట్టు వస్తుంది. స్పాట్ మీటరింగ్ (ఫోకస్ పాయింట్ దగ్గరి చిన్న చోటునే కొలవడం) ఆటలకు పనికిరాదని నా అభిప్రాయం. ఫోకస్ పాయింట్ నల్ల నిక్కరు మీద పడితే ఒక లెక్క, తెల్ల నంబరు మీద పడితే ఇంకో లెక్క.

ఇక అందరూ అడిగేది, గరిష్ఠ హద్దు ఎంత పెట్టాలని. గ్రెయిన్ (ఐఎస్‌ఓ పెరిగితే బొమ్మలో కనిపించే గరుకు చుక్కలు) భయంతో 3200 దగ్గర బిగించేవాళ్లను చూస్తుంటాను. 6400 కావలసిన చోట 3200 దగ్గర ఆపితే గ్రెయిన్ తగ్గదు. ఫొటో ఒక స్టాప్ (అంటే సగం వెలుతురు) చీకటిగా వస్తుంది, ఇంటికెళ్లి దాన్ని లేపితే అంత గ్రెయినూ బయటపడుతుంది. జేపెగ్‌లో అయితే ఇంకా అన్యాయం. నేను చాలాకాలం 6400 పెట్టుకుని ఉన్నాను. 2023 ఏప్రిల్‌లో అడోబీ లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిస్ వచ్చాక 12800కి పెంచేశాను. దాన్ని ఎక్కువ లాగితే చర్మం మైనం బొమ్మలా అవుతుంది, సగం దగ్గర ఆపితే బాగుంటుంది. జిల్లా పేజీలో రెండు కాలమ్‌ల సైజులో పడే ఫొటోకు ఆ కష్టం కూడా దండగ. న్యూస్‌ప్రింట్ మీద 6400 గ్రెయిన్ ఎవరికీ కనిపించదు, ఊగిపోయిన బొమ్మ మాత్రం మొదటి చూపుకే తెలిసిపోతుంది. ఆడిన కుర్రాళ్లకైతే అసలు పట్టదు. ఆట అవ్వగానే టవల్‌తో మొహం తుడుచుకుంటూ వచ్చి "అన్నా, నేను ఇద్దర్ని ఔట్ చేశా కదా, అది పడిందా?" అని అడుగుతారు. చిన్న స్క్రీన్ మీద చూపిస్తే "వాట్సాప్ చెయ్యన్నా" అంటారు. ఐఎస్‌ఓ ఎంత అని ఇప్పటిదాకా ఒక్కడూ అడగలేదు.

కానన్ వాడేవాళ్లకు ఒక మాట. 2009 నాటి 7డీలో ఎం మోడ్‌లో ఆటో ఐఎస్‌ఓ పెట్టొచ్చు కానీ కాంపెన్సేషన్ కుదరదు. 2014లో వచ్చిన 7డీ మార్క్ టూలో కుదురుతుంది, యాంటీ ఫ్లికర్ కూడా అందులో ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి. మిర్రర్‌లెస్‌లో ఇంకో లాభం ఉంది. మొహం కాలిపోతోందంటే తీయకముందే వ్యూఫైండర్‌లో కనిపిస్తుంది, కాబట్టి రాత్రి కూడా ఆటో వదలని వాళ్లను తప్పుపట్టలేను.

కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే వచ్చే లెన్స్‌తో) మొదలుపెట్టేవాళ్లు ఆటో ఐఎస్‌ఓ పెడితే ఫొటోలన్నీ ఇసుక చల్లినట్టు వస్తున్నాయని నిరాశపడుతుంటారు. సెట్టింగ్ మార్చి లాభం లేదు. ఎఫ్2.8 దగ్గర 6400 అడిగే కోర్టు, కిట్ లెన్స్ జూమ్ చేస్తే వచ్చే ఎఫ్5.6 దగ్గర 25600 అడుగుతుంది. ఎఫ్1.8 దగ్గర అదే కోర్టుకు 2500 చాలు. కొత్త బాడీ కోసం డబ్బులు దాచేకంటే ముందు ఒక 85 ఎఫ్1.8 కొనుక్కుని, కోర్టు చివరి గీత వెనక మూలలో కింద కూర్చుని, కెమెరా నిలువుగా పట్టుకోండి. కోర్టు పొడవే 13 మీటర్లు. మీ వైపు సగంలోకి కూతకొచ్చిన రైడర్ బోనస్ గీత కోసం కాలు చాచినప్పుడు ఫ్రేమ్ దాదాపు నిండిపోతుంది.